సోబా ఇంట్లో చేసుకోవాలంటే: ఏ పిండి, ఎంత గోధుమ, ఏ కత్తి

సోబా అంటే జపాన్ వాళ్లు బక్‌వీట్ పిండితో చేసే సన్నటి నూడుల్స్. వాటిని చేతితో చేయాలని ముచ్చటపడేవాళ్లు ముందుగా అడిగేది కత్తి గురించే. ఆ వెడల్పాటి బరువైన కత్తితో వీడియోల్లో టకటకా కోస్తుంటే చూడ్డానికి బాగుంటుంది కాబట్టి అడగడంలో తప్పేమీ లేదు, కానీ డబ్బు పెట్టాల్సిన చోటు అది కాదు. నా లెక్కలో వరుస ఇది: ముందు పిండి, తర్వాత అందులో గోధుమ ఎంత కలపాలన్నది, ఆ తర్వాత నీళ్లు, కత్తి అన్నిటికంటే చివర. జపాన్ సోబా పనివాళ్లలో తరతరాలుగా ఒక మాట ఉంది: కత్తికి మూడు రోజులు, ఒత్తడానికి మూడు నెలలు, గిన్నెకు మూడేళ్లు. గిన్నె అంటే పిండిలో నీళ్లు కలిపే పని. అన్నిటికంటే సులువుగా కనిపించే ఆ పనికే మూడేళ్లు ఎందుకు వేశారో కిందకి వెళ్లేకొద్దీ మీకే తెలుస్తుంది.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక జాగ్రత్త. బక్‌వీట్ కొందరికి పడదు, పడనివాళ్లకు అది దురదతో ఆగే వ్యవహారం కాదు, ఊపిరాడని పరిస్థితి దాకా వెళ్లొచ్చు. జపాన్‌లో ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాల్సిన అలెర్జీ పదార్థాల్లో సోబా ఒకటి. మన తెలుగు ఇళ్లలో బక్‌వీట్ తినే అలవాటు పెద్దగా లేదు కాబట్టి తమకు పడుతుందో లేదో చాలామందికి తెలిసే అవకాశమే ఉండదు. ఇంట్లో ఆస్తమా, తిండి అలెర్జీలు ఉన్నవాళ్లుంటే డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. పడదని ముందే తెలిసిన మనిషి ఉన్న ఇంట్లో అయితే ఆ పిండి జల్లించను కూడా జల్లించొద్దు, గాల్లో లేచిన పిండి పీల్చినా ప్రమాదమే.

పిండి

బక్‌వీట్‌కి పేరులో గోధుమ ఉన్నా గోధుమతో చుట్టరికం లేదు, అసలు అది గడ్డి జాతి ధాన్యమే కాదు. అందుకే ఉత్తరాదిలో నవరాత్రి ఉపవాసాల్లో కుట్టు పేరుతో దీన్ని తింటారు. గోధుమకు సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ ఇందులో లేదు. చపాతీ ముద్ద పీకితే సాగుతుంది, ఈ ముద్ద పీకితే తెగుతుంది. సోబాలో ఎదురయ్యే ప్రతి ఎంపికా, పిండి దగ్గర్నుంచి కత్తి దాకా, ఈ ఒక్క ఇబ్బందిని ఎలా దాటాలన్న దాని చుట్టూ తిరిగేదే.

మనకు దొరికే పిండి నాలుగు రకాలు. మొదటిది జపాన్ నుంచి వచ్చే సోబా పిండి. అక్కడ గింజను విడతలవారీగా మర పట్టి జల్లిస్తారు. మొదట రాలేది గింజ నడిబొడ్డున ఉండే తెల్లటి పిండి, దాదాపు అంతా గంజి పదార్థమే, సరషినా సోబా దీంతో చేస్తారు. తెల్లగా, నున్నగా, నోట్లో తేలిగ్గా జారిపోతుంది, వాసన మాత్రం తక్కువ. రెండో విడత పిండికి లేత ఆకుపచ్చ ఛాయ, మంచి వాసన ఉంటాయి. మూడో విడత ముదురుగా, రుచి గట్టిగా ఉంటుంది. ఇలా విడదీయకుండా గింజ మొత్తాన్ని కలిపి పట్టింది ఇంకో రకం, పల్లెటూరి సోబా అని పిలిచే ముదురు రంగు సోబా దీనితోనే వస్తుంది. టోక్యోలో ఈ తేడా పక్కపక్కనే చూడొచ్చు. అజాబు జూబాన్‌లో 1789లో మొదలైన సరషినా హోరీ తెల్లటి సోబాకు పేరు, 1880లో మొదలైన కాండా యాబు సోబాలో లేత ఆకుపచ్చ సోబా పెడతారు. పడమటి వైపు ఇజుమోకి వెళ్తే పైపొరలతో సహా పట్టిన నల్లటి సోబా. ఒక్కటే గింజ, మూడు రకాల తిండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తెల్లటి సరషినా పిండి జోలికి పోవద్దు. చూడ్డానికి సున్నితంగా, ఖరీదుగా ఉంటుంది కాబట్టి అదే మంచిదనిపిస్తుంది, కానీ ముద్దను పట్టి ఉంచే ప్రొటీన్ అందులో అన్నిటికంటే తక్కువ, చన్నీళ్లతో కలిపితే ముద్ద నిలవదు. చెయ్యి తిరిగినవాళ్లు కూడా దానికి మరుగుతున్న నీళ్లు పోసే కలుపుతారు. మీకు కావాల్సింది రెండో విడత పిండి గానీ, మెత్తగా పట్టిన మొత్తం గింజ పిండి గానీ. ప్యాకెట్ మీద తిరగలిలో పట్టినట్టు రాసి ఉంటే ఇంకా మేలు, తిరగలి నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పిండి వేడెక్కదు, వాసన పోదు.

రెండోది మన దేశంలోనే దొరికే కుట్టు పిండి. హిమాచల్, ఉత్తరాఖండ్, లద్దాఖ్, సిక్కిం కొండల్లో బక్‌వీట్ పండుతుంది, హైదరాబాద్‌లో ఉత్తరాది సరుకులు అమ్మే కొట్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ కుట్టు పిండి దొరుకుతుంది. ధర తక్కువ, చేతికి అందుబాటులో ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే అది పూరీలకీ పకోడీలకీ పట్టిన పిండి, గరుకుగా ఉంటుంది, పైగా నవరాత్రులప్పుడు తప్ప పెద్దగా అమ్ముడుపోదు కాబట్టి కొట్లో ఎన్నాళ్లుగా ఉందో చెప్పలేం. బక్‌వీట్‌లో నూనె ఉంటుంది, పాతబడితే పిండి ముక్కిపోతుంది. పాత కుట్టు పిండి తిని ఆసుపత్రి పాలైన వార్తలు నవరాత్రుల సమయంలో ఉత్తరాది నుంచి చాలాసార్లు వచ్చాయి. అందుకని తేదీ చూడకుండా కొనొద్దు, విడిగా తూచి ఇచ్చేది అసలొద్దు. పదార్థాల జాబితాలో కుట్టు ఒక్కటే ఉండాలి, కొన్ని ప్యాకెట్లలో సింఘాడా పిండో రాజ్‌గిరా పిండో కలిపి ఉంటుంది. ఇంటికి తెచ్చాక మెత్తటి జల్లెడలో జల్లించి, కింద రాలింది మాత్రమే సోబాకి వాడుకుని, పైన మిగిలింది దోశ పిండిలో కలిపేయండి.

మూడోది పొట్టు తీసిన గింజలు కొని ఇంట్లో పట్టుకోవడం. నాకు ఇది చాలా ఇష్టం, ఎందుకంటే జపాన్‌లో సోబాకి మూడు తాజాదనాలు ఉండాలంటారు, అప్పుడే పట్టిన పిండి, అప్పుడే చేసిన నూడుల్స్, అప్పుడే ఉడికించడం, వీటిలో మొదటిది మామూలు ఇంట్లో దొరకాలంటే దారి ఇదొక్కటే. గింజలు లేత ఆకుపచ్చ కలిసిన మీగడ రంగులో ఉండాలి. ఎర్రగా, గోధుమ రంగులో ఉంటే అవి వేయించినవి, రష్యా వైపు వండుకునే రకం, వాటితో ముద్ద కట్టదు. మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి, జార్ వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పి, జల్లించి, పైన మిగిలింది మళ్లీ వేసి తిప్పాలి. ఓపిక కావాలి. గింజలైతే పిండి కంటే చాలా కాలం నిలవుంటాయి కాబట్టి ఎప్పుడో ఒకసారి చేసేవాళ్లకి పిండి డబ్బా కంటే గింజల డబ్బానే లాభం.

నాలుగోది అమెరికా, యూరప్‌లో ఉన్నవాళ్లకి సూపర్‌మార్కెట్‌లో దొరికే బక్‌వీట్ పిండి. పాన్‌కేకుల కోసం పట్టింది, చాలావాటిలో నల్లటి పొట్టు తునకలు ఉంటాయి. పొట్టు తునక ఉన్న ప్రతిచోటా పోగు తెగుతుంది. అక్కడ ఉన్నవాళ్లు జపనీస్ కిరాణా కొట్టుకి వెళ్లడమే మంచిది.

ఏ పిండి మంచిదో తేల్చుకోవడానికి ముద్ద కలిపి చూడక్కర్లేదు. రెండు చెంచాల పిండి చిన్న గిన్నెలో వేసి, మరుగుతున్న నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గట్టిగా తిప్పితే సంకటిలా దగ్గర పడుతుంది. దీన్ని సోబాగాకి అంటారు. నూడుల్స్‌గా కోసిన సోబా గురించి దొరికిన పాత ఆధారం 1574 నాటిది, నాగానోలో కిసో ప్రాంతంలోని జోషోజి గుడి మరమ్మతుల కాగితాల్లో ఉంది. అంతకు ముందు జనం బక్‌వీట్‌ని తిన్న తీరుల్లో సోబాగాకి ఒకటి. కొన్న ప్రతి పిండినీ ఇలా ఒక ముద్ద చేసి, ఉప్పు కూడా లేకుండా తిని చూడండి. కమ్మటి గింజ వాసన, చివర్లో చిన్న తీపి తగిలితే అది సోబాకి పనికొస్తుంది. చేదుగా, పాత నూనె వాసనగా ఉంటే ఆ పిండితో ఎంత కష్టపడినా దండగే, పారేయండి. మంచి పిండి దొరికితే గాలి చొరకుండా కట్టి ఫ్రిజ్‌లో పెట్టి తొందరగా వాడేయాలి, పాతబడేకొద్దీ వాసనతో పాటు ముద్ద కట్టే గుణం కూడా పోతుంది.

గోధుమ కలపాలా, వద్దా

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. జూవరి అంటే నూటికి నూరు బక్‌వీట్. నిహాచి అంటే పది పాళ్లలో ఎనిమిది బక్‌వీట్, రెండు గోధుమ. ఈ రెండిటి మధ్య సోతోఇచి అని పది పాళ్ల బక్‌వీట్‌కి పైన ఒక పాలు గోధుమ కలిపేది ఒకటుంది. ఇంకా కిందికి వస్తే సగం సగం.

జూవరి స్వచ్ఛమైనది, నిహాచి కల్తీ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లతో నేను ఒప్పుకోను. గోధుమ కలపడం ఖర్చు తగ్గించుకోవడానికి మాత్రమే పుట్టిన పని కాదు, దాని వల్ల పోగు సన్నగా కోయొచ్చు, గొంతులోకి జారే నునుపు వస్తుంది. ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, సోబా అంటే నాలుక మీద ఎంతో గొంతులో కూడా అంతే ఆనందించే తిండి, ఆ ఊళ్లో నిహాచి నిలదొక్కుకోవడానికి ఈ జారుడు పెద్ద కారణం. జూవరిలో వాసన ఎక్కువ, నిజమే, కానీ పోగు కాస్త మోటుగా, కొరికితే పుటుక్కున తెగేలా ఉంటుంది. అది ఇష్టపడేవాళ్లకి అదే రుచి. రెండూ వేరు వేరు తిండ్లు, ఒకటి ఇంకోదానికి మెట్టు కాదు.

గోధుమ తినడంలో ఇబ్బంది లేనివాళ్లు నిహాచితోనే మొదలుపెట్టండి. 200 గ్రాముల బక్‌వీట్, 50 గ్రాముల గోధుమ, ఇద్దరికి కడుపునిండా సరిపోతుంది. నిపుణులు అరకిలో, కిలో ఒకేసారి చేస్తారు కదా అని మీరూ అంత కలపొద్దు, ముద్ద పెద్దదయ్యేకొద్దీ ఒత్తేలోపు ఆరిపోతుంది. కుట్టు పిండి వాడుతుంటే మాత్రం ఏ మొహమాటం లేకుండా 150 గ్రాముల కుట్టుకి 100 గ్రాముల గోధుమ వేయండి, గరుకు పిండికి అంత పట్టు అవసరం, రుచికి పెద్ద లోటేమీ రాదు.

గోధుమలో మైదానా, చపాతీ పిండా? మైదానే. చపాతీ పిండిలోని పొట్టు గ్లూటెన్‌ని అడ్డుకుంటుంది, నీళ్లు కూడా ఎక్కువ తాగుతుంది, అప్పుడు నీళ్ల లెక్క మొత్తం మారిపోతుంది. ఆరోగ్యం కోసం మైదా మానేసినవాళ్లకి ఇది నచ్చదని తెలుసు, కానీ మనిషికి పడేది 25 గ్రాములు, అదీ ఎప్పుడో ఒకసారి.

గోధుమ కాకుండా వేరేవాటితో పట్టు తెచ్చే పద్ధతులు జపాన్‌లోనే ఉన్నాయి. నీగతా ప్రాంతంలో హెగి సోబాకి ఫునోరి అనే సముద్రపు నాచు ఉడికించి కలుపుతారు, పోగు నున్నగా, కాస్త సాగుతూ బలే ఉంటుంది, చిన్న చిన్న చుట్టలుగా చెక్క పళ్లెంలో పేర్చి పెడతారు. కొన్నిచోట్ల జిగురుండే కొండ దుంపను తురిమి వేస్తారు, కొందరు గుడ్డు కొడతారు. ఇసబ్‌గోల్ వేసి చేసేవాళ్లూ ఉన్నారు, ముద్ద కడుతుంది గానీ పోగు జిగటగా మారుతుంది, నేనైతే సిఫారసు చేయను.

గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకి దారి వేరు. వాళ్లు జూవరే చేయాలి, అదీ గోధుమ పట్టని మరలో పట్టిన పిండితో. ఇంకోటి, మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. నూడుల్స్‌లో గోధుమ లేదని సంబరపడి సాస్‌లో ముంచుకుంటే మొదటికే మోసం. గోధుమ లేదని సీసా మీద స్పష్టంగా రాసి ఉన్న తమారి అనే రకం సోయా సాస్ తెచ్చుకోండి. జపాన్ వెళ్లినప్పుడు కూడా దుకాణంలో జూవరి అని రాసి ఉంది కదా అని నమ్మకండి, అదే నీళ్లలో గోధుమ కలిపిన సోబా కూడా ఉడికించే చోట్లు చాలా ఉంటాయి.

చన్నీళ్లా, వేడినీళ్లా

నిహాచికి చన్నీళ్లు చాలు. జూవరికి రెండు దారులు. పిండి తాజాగా, మెత్తగా ఉండి మీ చెయ్యి కుదిరి ఉంటే చన్నీళ్లతోనే చేయొచ్చు, బక్‌వీట్ ప్రొటీన్‌లో నీళ్లలో కరిగే భాగం ఎక్కువ కాబట్టి అది తడిసి కాస్త జిగురిస్తుంది, వాసన అంతా నిలుస్తుంది. రెండో దారి మరిగే నీళ్లు. జొన్నరొట్టె చేసే ఇళ్లలో పుట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, గ్లూటెన్ లేని జొన్నపిండిని వేడినీళ్లు పోసి ఎందుకు కలుపుతామో ఇక్కడా అందుకే: వేడికి పిండిలోని గంజి ఉడికి, అదే జిగురుగా పని చేస్తుంది. పిండిలో సగం వరకు మరిగే నీళ్లు పోసి చెక్క గరిటెతో కలిపి, ఆవిరి తగ్గాక మిగతా పిండి చేర్చి చన్నీళ్లతో సరిచేసుకోవడం ఇంట్లో అందరికీ వచ్చే పద్ధతి. వాసన కొంత ఆవిరితో పోతుంది, పోనీయండి, పోగులు చేతిలోనే ముక్కలయ్యే కంటే నయం.

నీళ్లు ఎన్ని? నిహాచికి పిండి బరువులో 45 నుంచి 50 శాతం, అంటే 250 గ్రాములకి సుమారు 115 నుంచి 125 గ్రాములు. జూవరికి 50 దాటుతుంది. కప్పులతో కొలవొద్దు, తూకం యంత్రం లేకపోతే కత్తి కంటే ముందు అది కొనండి. ఉప్పు వేయరు, నూనె వేయరు. వానాకాలంలో, సముద్రపు గాలి తగిలే విశాఖ లాంటి చోట్ల పిండి ముందే కాస్త తేమ పీల్చుకుని ఉంటుంది, ఎండాకాలం హైదరాబాద్‌లో ఎండుగా ఉంటుంది. తేడా ఒకటి రెండు చెంచాలే, కానీ ఆ ఒక్క చెంచా మీదే సోబా నిలబడుతుంది.

కలిపే పద్ధతి దగ్గర కాస్త నిదానించాలి. రెండు పిండ్లూ కలిపి జల్లించి వెడల్పాటి బేసిన్‌లో పోసి, కొలిచిన నీళ్లలో ముప్పాతిక భాగం ఒకేసారి చుట్టూ పోసేయండి. చపాతీ పిండిలా పిసకడం మొదలుపెట్టొద్దు. పది వేళ్లు విడదీసి, వేళ్ల చివర్లతోనే, గిన్నె అడుగు నుంచి పైకి గుండ్రంగా, వేగంగా కలియబెడుతూనే ఉండాలి. మొదట తడిసిన పొడి, తర్వాత రవ్వ, తర్వాత ఆవాలంత, శనగలంత ఉండలు, అన్నీ ఇంచుమించు ఒకే సైజులో. పొడి పిండి ఎక్కడా కనపడకూడదు. మిగిలిన నీళ్లు ఇప్పుడు చెంచాతో చిలకరిస్తూ పోవాలి, ఉండలు ఒకదానికొకటి అంటుకుంటూ పెద్దవవుతాయి, రంగు కాస్త ముదిరి పైన మెరుపు వస్తుంది, గింజ వాసన గుప్పున లేస్తుంది. అక్కడ ఆగిపోవాలి. గోధుమ ముద్దలో నీళ్లు తక్కువైతే తర్వాత తడి చేసి సరిదిద్దుకోవచ్చు, ఎక్కువైతే పిండి చల్లుకోవచ్చు, దీనికి ఆ వెసులుబాటు లేదు, తర్వాత చల్లిన పొడి పిండి లోపలికి కలవదు, పొరలుగా మిగిలిపోయి నీళ్లలో విడిపోతుంది. గిన్నెకు మూడేళ్లు అన్నది ఇందుకే.

అప్పుడు అన్నిటినీ దగ్గరికి చేర్చి అరచేతి మడమతో నొక్కుతూ నున్నటి ముద్ద చేయాలి, పగుళ్లు లేకుండా. నానబెట్టడాలు లేవు, వెంటనే ఒత్తేయాలి. మొదలుపెట్టినప్పటి నుంచి కోసేదాకా ఫ్యాన్ ఆపేయండి, ఏసీ గాలి కూడా నేరుగా తగలనివ్వొద్దు. మన ఇళ్లలో చాలామందికి సోబా అంచులు పగిలేది పిండి వల్లా చెయ్యి వల్లా కాదు, తల మీద తిరిగే ఫ్యాన్ వల్ల.

కర్ర, కత్తి, గొట్టం

ఎదో పద్ధతిలో మూడు కర్రలు వాడతారు, ఒకటి ఒత్తడానికి, రెండు చుట్టి పెట్టుకోవడానికి, పిండిని చతురస్రంగా సాగదీస్తారు. అలా చేస్తే చివర ముక్కలు వృథా కావు, పోగులన్నీ ఒకే పొడవు వస్తాయి. నాగానోలోని తోగకుషిలో ఒకే కర్రతో గుండ్రంగా ఒత్తుతారు. 250 గ్రాములు చేసే మనకి తోగకుషి దారే నయం. అప్పడాల కర్ర పొట్టిది, మధ్యలో ఉబ్బుగా ఉండేదైతే మందం సమంగా రాదు, వడ్రంగి దగ్గర 60 సెంటీమీటర్ల నున్నటి తిన్నటి కర్ర చేయించుకుంటే సరిపోతుంది. మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు, అంచులూ నడుమా ఒకేలా ఉండాలి.

పైన చల్లే పొడి విషయంలో గోధుమ పిండి వద్దు, అది తడి పీల్చి మడతలు అంటుకుపోతాయి. జపాన్‌లో మొదటి విడత తెల్లటి బక్‌వీట్ పిండినే చల్లుతారు. దొరక్కపోతే మొక్కజొన్న గంజిపొడి, అదేనండీ కార్న్‌ఫ్లోర్, ధారాళంగా చల్లి మడతపెట్టండి.

ఇక కత్తి. సోబా కత్తి అంచు తిన్నగా, చాలా పొడుగ్గా ఉంటుంది, దాని బరువే సగం పని చేస్తుంది, కోమాఇతా అనే చెక్క పలకను ఆనించి, ప్రతి కోతకీ కత్తిని కొద్దిగా వాలిస్తే పలక ఒక పోగు మేర వెనక్కి జరుగుతుంది. ఎదో లెక్క ప్రకారం సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పులో 23 పోగులు రావాలి, ఒక్కోటి 1.3 మిల్లీమీటర్లన్నమాట. ఇంట్లో రెండు మిల్లీమీటర్లు వచ్చినా శుభ్రంగా తినొచ్చు. మామూలు వంటింటి కత్తికి అంచు వంపుగా ఉంటుంది, అంచు నడుమ బల్లకు తగిలినా కొనల దగ్గర పోగు తెగకుండా మిగిలిపోతుంది, వాటిని విడదీసేటప్పుడే పోగులు విరిగేది. కాబట్టి కావాల్సింది ఖరీదైన కత్తి కాదు, తిన్నటి అంచు. అంచు వంపు లేని చైనీస్ వెడల్పు కత్తి గానీ, కూరగాయలు కోసే జపనీస్ నకిరి గానీ చాలు, పలకకి బదులు చిన్న ప్లైవుడ్ ముక్క. ఏడాది పొడవునా చేస్తూ ఉంటానని నమ్మకం కుదిరాక అసలు కత్తి కొనుక్కోండి, అప్పటికి దాని విలువ మీ చేతికే తెలుస్తుంది.

పాస్తా మెషీన్ ఉన్నవాళ్లు నిహాచిని అందులో నడిపించొచ్చు, చిన్న చిన్న ముక్కలుగా, మరీ సన్నగా వద్దు. జూవరి మాత్రం రోలర్లలో నలిగి చీలిపోతుంది.

జూవరికి మన వంటింట్లోనే ఉన్న పనిముట్టు ఇంకోటి ఉంది, జంతికల గొట్టం. ఇదేదో సర్దుబాటు అనుకోవద్దు. కొరియాలో బక్‌వీట్ నూడుల్స్ గొట్టంలోంచి నేరుగా మరిగే నీళ్లలోకే నొక్కుతారు, భూటాన్‌లోని బుమ్‌తాంగ్‌లో పుతా అనే బక్‌వీట్ నూడుల్స్‌కి చెక్కతో చేసిన పెద్ద నొక్కుడు యంత్రాలే ఉన్నాయి, జపాన్‌లో కూడా జూవరి అమ్మే కొన్ని దుకాణాలు నొక్కి తీసే యంత్రం వాడతాయి. గ్లూటెన్ లేని ముద్దను ఒత్తి, మడిచి, కోయడం కంటే నొక్కి దింపడం సహజమైన పద్ధతి. వేడినీళ్లతో కలిపిన ముద్దను సన్న కారప్పూస బిళ్ల కాకుండా దాని పై సైజు గుండ్రటి చిల్లుల బిళ్లతో, ఉడుకుతున్న నీళ్ల మీద పట్టుకుని నొక్కండి. చేతికి ఆవిరి తగులుతుంది, పొడుగు పిడి ఉన్న ఇత్తడి గొట్టమైతే మంచిది. కోసిన సోబాకుండే పలకల అంచు దీనికి రాదు, ఆ అంచుకే సాస్ పట్టేది కాబట్టి రుచిలో తేడా ఉంటుంది. కానీ గోధుమ తినలేని మనిషికి ఇంట్లో ఒక గంటలో నూటికి నూరు బక్‌వీట్ నూడుల్స్ పెట్టాలంటే నా ఓటు దీనికే.

ఉడికించడం, చల్లగానా వేడిగానా

ఇది తొందరగా చెప్పేస్తాను. మీ దగ్గరున్న అన్నిటికంటే పెద్ద గిన్నె, నిండా నీళ్లు, తెర్లుతూ ఉండాలి. అంటుకున్న పొడి దులిపి, ఒకసారికి ఒక మనిషికి సరిపడా వేయండి. మొదటి అరనిమిషం కదపొద్దు, పోగులు తేలాక మెల్లగా ఒకసారి తిప్పండి. సన్నటివి నిమిషంలో, కాస్త లావువి నిమిషన్నరలో అయిపోతాయి. చిల్లుల గిన్నెలోకి వంపి, వెంటనే చన్నీళ్లలో జిగురు పోయేలా చేత్తో కడిగి, చివర ఐసు నీళ్లలో ముంచి తీయండి.

చల్లగా ముంచుకుని తినేదానికి జూవరి, నిహాచి రెండూ బాగుంటాయి. వేడి పులుసులో వేసుకునేదానికి నిహాచే, కాస్త లావుగా కోసి. జూవరి వేడి పులుసులో నిమిషాల్లో మెత్తబడి విరుగుతుంది. మొదటిసారి చేసేది ఏదైనా చల్లగానే తినండి, మీరు కొన్న పిండి ఎలాంటిదో అప్పుడే తెలుస్తుంది.

త్సుయు

త్సుయు అంటే ముంచుకునే సాస్. దానికి ఆధారం కాయెషి, 500 మిల్లీలీటర్ల సోయా సాస్, 100 మిల్లీలీటర్ల మిరిన్ (వంటలో వాడే తియ్యటి బియ్యం మద్యం), 100 గ్రాముల చక్కెర. మిరిన్‌ని ఒక పొంగు రానిచ్చి, చక్కెర కరిగించి, సోయా సాస్ పోసి మరగక ముందే దించేసి, కొన్ని రోజులు ఊరనివ్వాలి. చల్లటి సోబాకి ఒక పాలు కాయెషికి మూడు పాళ్ల దాషి (చేప లేదా నాచు సారం దిగిన పలచటి రసం), వేడి పులుసుకైతే ఎనిమిది పాళ్ల పైనే.

దాషి దగ్గర మనవాళ్లకి అసలైన ఎంపిక వస్తుంది. అక్కడి దాషి ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో చేసేది, దాని పొగ వాసన సోబాకి బ్రహ్మాండంగా కుదురుతుంది, చేప తినేవాళ్లు వేరే ఆలోచనే పెట్టుకోవద్దు. శాకాహారులైతే కొంబు నాచు, ఎండు షిటాకె పుట్టగొడుగులు రాత్రంతా చన్నీళ్లలో ఫ్రిజ్‌లో నానబెట్టండి, పొద్దున కొంబు తీసేసి ఒక పొంగు రానిస్తే చాలు. సీసాల్లో అమ్మే రెడీమేడ్ త్సుయులో చాలావరకు చేప ఉంటుంది, ముందు వైపు బొమ్మ చూసి కాకుండా వెనక జాబితా చదివి కొనండి. మొదటిసారి నూడుల్స్ మీదే దృష్టంతా పెట్టాలనుకుంటే రెడీమేడ్ సీసా తెచ్చుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

పక్కన ఏం పెట్టుకోవాలంటే వసాబి పేస్టు ట్యూబుల కోసం వెతుక్కునే కంటే జపాన్‌లోని ఫుకుయి ప్రాంతం వాళ్ల దారి పట్టండి. అక్కడి ఎచిజెన్ సోబాలో తురిమిన పచ్చి ముల్లంగిని త్సుయుతో కలిపి సోబా మీద పోస్తారు, పైన ఉల్లికాడలు. ముల్లంగి మన దగ్గర ఘాటుగానే దొరుకుతుంది, తినే ముందు అప్పటికప్పుడు తురిమితేనే ఆ ఘాటు ఉంటుంది.

సోబా ఉడికించిన నీళ్లు పారబోయకండి, మిగిలిన త్సుయులో వేడివేడిగా పోసుకుని తాగుతారు, దాన్ని సోబాయు అంటారు. కోసిన పోగులు మిగిలితే నిహాచి అయితే పొడి చల్లి, డబ్బాలో కాగితం పరిచి ఫ్రిజ్‌లో మర్నాటి దాకా ఉంచొచ్చు, జూవరి మాత్రం ఆ పూటే తినేయాలి. గుండ్రంగా ఒత్తినప్పుడు అంచుల్లో మిగిలే పొట్టి ముక్కల్ని మళ్లీ ముద్ద చేయొద్దు, ఆరిన పిండి కలవదు, నూనెలో కరకరలాడేలా వేయించి ఉప్పు చల్లుకోండి.